అబ్బాయి ఫైర్ కోర్సు చదువుతానంటున్నాడు, గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. చాలా ఏళ్ళుగా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. ఈ జూన్‌కి హైస్కూల్ అయిపోతుంది. యూసీలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. వాడేమో అది వద్దు, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ ఫైర్ ప్రొటెక్షన్ డిగ్రీ చేసి ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరతానంటున్నాడు. 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల పొగకి ఇక్కడ ఆకాశమంతా నారింజ రంగులోకి మారిన రోజు నుంచి వాడికి ఇదే ధ్యాస. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివితే ఎంత సంపాదన వస్తుందో చూపించే ప్రభుత్వ వెబ్‌సైట్ కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో చూస్తే ఈ కోర్సు చేసినవాళ్ళ సంపాదన బాగానే కనిపిస్తోంది. ఫీజు చూస్తే నమ్మలేనంత తక్కువ. ఇందులో మెలిక ఏమైనా ఉందా? మా వారు వాడితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. దయచేసి సలహా చెప్పండి.
ఒక తల్లి, ఫ్రీమాంట్

సమాధానం: అమ్మా, మెలిక ఉంది. ఫీజు తక్కువన్న మాట నిజం. ఫైర్ సర్వీసులో జీతాలు బాగుంటాయన్నదీ నిజం. కానీ ఆ జీతం వాళ్ళకి ఆ డిగ్రీ వల్ల రాలేదు. ఈ సంగతి అర్థమైతే మిగతా లెక్క మీరే వేసుకోగలరు.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు. 2012 నుంచి ఇదే రేటు. అసోసియేట్ డిగ్రీకి, అంటే మీవాడు చేస్తానంటున్న రెండేళ్ళ డిగ్రీకి, 60 యూనిట్లు కావాలి, అంటే 2,760 డాలర్లు. హైస్కూల్ అవగానే ఫుల్‌టైమ్‌గా చేరేవాళ్ళకి చాలా కాలేజీలు ప్రామిస్ పథకం కింద ఈ ఫీజు కూడా మాఫీ చేస్తున్నాయి. మీ పక్కనే హేవర్డ్‌లో ఉన్న షాబో కాలేజీలో ఈ కోర్సు ఫైర్ టెక్నాలజీ పేరుతో ఉంది, ఇంట్లోంచే వెళ్ళి రావచ్చు. పుస్తకాలు, పార్కింగ్, హెల్త్ ఫీజు వేసుకున్నా పెద్ద మొత్తం కాదు. యూసీలో క్యాంపస్‌లో ఉండి చదివితే ఏడాదికి 40 వేల డాలర్ల పైనే అవుతుంది. దానితో పోలిస్తే ఇక్కడ డబ్బు మునిగిపోయే ప్రమాదం లేదు. ఆ భయం తీసి పక్కన పెట్టండి.

అసలు చిక్కు స్కోర్‌కార్డ్‌లో కనిపించే సంపాదన దగ్గరుంది. ఫైర్ టెక్నాలజీ క్లాసులోకి వెళ్ళి చూడండి. మీ అబ్బాయిలాంటి పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఉంటారు. మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళు ఉంటారు. ఇప్పటికే ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తూ, కెప్టెన్ ప్రమోషన్‌కి డిగ్రీ కావాలని సాయంత్రం క్లాసులకి వచ్చేవాళ్ళూ ఉంటారు. డిగ్రీ పూర్తిచేసేవాళ్ళలో వీళ్ళు తక్కువేం కాదు. వాళ్ళ జీతం డిగ్రీకి ముందే మొదలైంది. లెక్కలో మాత్రం అది డిగ్రీ తర్వాతి సంపాదనగా కనిపిస్తుంది. పైగా స్కోర్‌కార్డ్ లెక్కలోకి వచ్చేది ఫెడరల్ గ్రాంటో లోనో తీసుకున్న విద్యార్థులే. మీలా రెండు జీతాల ఇంట్లోంచి వచ్చి, ఫీజు జేబులోంచి కట్టి చదివే పిల్లవాడు అందులో లేడు. కాబట్టి ఆ అంకె చూసి మీవాడికి రెండేళ్ళ తర్వాత అంత వస్తుందని అనుకోవద్దు.

మరి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగానికి ఏమడుగుతారు? పద్దెనిమిదేళ్ళు నిండాలి, హైస్కూల్ పాసై ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి, ఈఎంటీ సర్టిఫికెట్ ఉండాలి. ఈఎంటీ అంటే అంబులెన్స్‌లో ప్రథమ చికిత్స చేసేవాళ్ళకి ఇచ్చే ధ్రువపత్రం. చాలా నగరాలు దానికంటే పైమెట్టు అయిన పారామెడిక్ లైసెన్స్ ఉన్నవాళ్ళకే మొగ్గు చూపుతాయి, కొన్ని అది లేనిదే దరఖాస్తే తీసుకోవు. రాష్ట్ర ఫైర్ మార్షల్ కార్యాలయం నిర్దేశించిన ఫైర్‌ఫైటర్ 1 అకాడమీ, అంటే మంటలార్పే పనిలో ప్రాథమిక శిక్షణ, చేసి ఉంటే ఇంకా మంచిది. ఆపైన రాతపరీక్ష, ఇంటర్వ్యూలు, మెడికల్, బ్యాక్‌గ్రౌండ్ విచారణ. ఈ జాబితాలో అసోసియేట్ డిగ్రీ ఎక్కడుందంటే, ఉంటే మంచిదే అన్న చోట ఉంది.

దేహదారుఢ్య పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన ఇళ్ళల్లో ఎవరికీ దీని ఊసు తెలియదు కాబట్టి. దాన్ని సీప్యాట్ అంటారు. యాభై పౌండ్ల బరువున్న జాకెట్ ఒంటికి తగిలిస్తారు, అంటే 22 కిలోల పైమాటే. మొదటి అంకం మెట్లు ఎక్కడం. దానికి భుజాల మీద ఇంకో పాతిక పౌండ్లు వేస్తారు. కదిలే మెట్ల యంత్రం మీద నిమిషానికి అరవై మెట్ల చొప్పున మూడు నిమిషాలు ఎక్కాలి, పక్క కమ్మీ పట్టుకోకూడదు. అక్కడి నుంచి గొట్టం లాగడం, పనిముట్లు మోయడం, నిచ్చెన ఎత్తడం, సుత్తితో తలుపు బద్దలుకొట్టే పని, చీకటి సొరంగంలో పాకడం, 165 పౌండ్ల బొమ్మని ఈడ్చుకెళ్ళడం, కొక్కెం కర్రతో పైకప్పు పొడిచి లాగడం. మొత్తం ఎనిమిది అంకాలు, 10 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకే కొలత. మీవాడు ఇప్పటి నుంచే వ్యాయామం చేస్తున్నాడా అని చూడండి. ఆ ఒక్కటి గమనిస్తే వాడి పట్టుదల ఎంతో మీకు చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ఖర్చు దగ్గరికి వద్దాం. అది కాలం రూపంలో ఉంటుంది. అన్ని సర్టిఫికెట్లూ చేతిలో ఉన్నా నగరం ఫైర్ డిపార్ట్‌మెంట్లలో కొద్దిపాటి ఖాళీలకి వందల మంది పోటీ పడతారు. పరీక్ష రాసి, జాబితాలో పేరు వచ్చి, ఆ జాబితా గడువు తీరిపోయి, మళ్ళీ మొదటి నుంచి రాసేవాళ్ళు ఎందరో. ఇరవయ్యేళ్ళకి డిగ్రీ చేతికొచ్చినా, ఉద్యోగం పాతికేళ్ళ దగ్గర దొరకడం ఇక్కడ మామూలు సంగతే. ఈలోగా పిల్లలు చేసేది అంబులెన్స్ కంపెనీల్లో ఈఎంటీ పని. 2024 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో ఫాస్ట్‌ఫుడ్ చైన్లలో కనీస వేతనమే గంటకు 20 డాలర్లు. ప్రాణాలు కాపాడే ఈఎంటీకి వచ్చేది చాలాచోట్ల దానికి పెద్ద ఎక్కువేమీ కాదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, కానీ పరిస్థితి అలాగే ఉంది. ఆ మూడు నాలుగేళ్ళూ వాడు మీ ఇంట్లో ఉంటేనే బండి నడుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలున్న మీ బే ఏరియాలో ఆ జీతంతో విడిగా అద్దె కట్టి బతకడం కష్టం. కాబట్టి మీరు పెట్టే పెట్టుబడి కాలేజీ ఫీజు కంటే ఎక్కువగా, వాడి గది, తిండి, కారు ఇన్సూరెన్స్, మీ ఓపిక.

దానికి తోడు అకాడమీ ఖర్చు ఒకటుంది. యూనిట్ ఫీజు తక్కువే అయినా యూనిఫాం, రక్షణ దుస్తులు, సామగ్రి కలిపి కొన్ని వేల డాలర్లు అవుతాయి. అకాడమీ నడిచే నెలల్లో వేరే ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. పారామెడిక్ ప్రైవేటు స్కూల్లో చేస్తే ఫీజు పది వేలు దాటిపోవచ్చు, కమ్యూనిటీ కాలేజీల్లో చాలా తక్కువలో అవుతుంది. తొందరపడి ప్రైవేటుకి పోనివ్వకండి.

ఉద్యోగం దొరికాక మాత్రం పరిస్థితి మారిపోతుంది. దేశం మొత్తం మీద ఫైర్‌ఫైటర్ల మధ్యస్థ జీతం 2024 లెక్కల్లో ఏడాదికి దాదాపు 60 వేల డాలర్లు. కానీ మీ బే ఏరియా నగరాల్లో అసలు జీతమే లక్ష దాటుతుంది, ఓవర్‌టైమ్ వేరే. 24 గంటల షిఫ్టులు. చాలాచోట్ల వరసగా 48 గంటలు స్టేషన్లో ఉండి, తర్వాత 96 గంటలు ఇంట్లో ఉంటారు. పెన్షన్ సంగతి మీ వారికి ప్రత్యేకంగా చెప్పండి. 2013 తర్వాత కొత్తగా చేరినవాళ్ళకి వర్తించే రాష్ట్ర నియమం ప్రకారం, చాలా డిపార్ట్‌మెంట్లలో 57 ఏళ్ళకి రిటైరైతే చేసిన ప్రతి ఏడాదికీ జీతంలో 2.7 శాతం చొప్పున పెన్షన్ వస్తుంది. పాతికేళ్ళకి చేరితే 32 ఏళ్ళ సర్వీసుకి 86 శాతం పైన. లెక్కకి తీసుకునేది జీతం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న వరస మూడేళ్ళ సగటు, ఓవర్‌టైమ్ అందులో కలవదు. దీనికోసం జీతంలోంచి నెలనెలా గట్టిగానే కోత పడుతుంది. అయినా ఇంత పెన్షన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఎక్కడుంది? లేఆఫ్‌ల భయం లేకపోవడం మీ ఇద్దరికీ నేను వేరే చెప్పక్కర్లేదు.

రెండో వైపు కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగ, మసి, కాలిన ప్లాస్టిక్ విషాలు ఒంటికి పట్టడం వల్ల ఇది వస్తుంది. అందుకే ఇప్పుడు మంట దగ్గర నుంచి రాగానే దుస్తులు విడిచి కడగడం, స్నానం చేయడం నియమంగా పెట్టారు. కాలిఫోర్నియాలో ఫైర్‌ఫైటర్‌కి క్యాన్సర్ వస్తే దాన్ని వృత్తి వల్ల వచ్చినట్టే భావించి పరిహారం ఇచ్చే చట్టం కూడా ఉంది. నిద్రలేమి ఉంటుంది. దీపావళికీ, చెల్లెలి పెళ్ళికీ వాడి షిఫ్టు పడవచ్చు. రోజూ వచ్చే కాల్స్‌లో మంటల కంటే గుండెపోట్లు, యాక్సిడెంట్లు, మత్తుమందు ఎక్కువై పడిపోయినవాళ్ళే ఎక్కువ. ఆకాశం నారింజ రంగులోకి మారిన రోజు చూసి ఇష్టపడ్డ పిల్లవాడికి ఈ రోజువారీ పని కూడా నచ్చుతుందా అన్నది తెలుసుకోవాలి.

అందుకని నా సలహా ఇది. వాడికి పద్దెనిమిది నిండగానే ఈఎంటీ కోర్సులో చేర్పించండి. ఒక సెమిస్టర్ పని, ఫీజు కొన్ని వందల డాలర్లు. అందులో భాగంగా అంబులెన్స్‌లోనో ఆసుపత్రి ఎమర్జెన్సీలోనో కొన్ని గంటలు పనిచేయాలి. రక్తం, వాంతులు, ఏడుపులు, అర్ధరాత్రి కాల్స్ దగ్గరగా చూశాక కూడా వాడు ఇదే కావాలంటే, మీరు అడ్డు చెప్పాల్సిన పని లేదు. వద్దంటే పోయింది ఒక్క సెమిస్టర్.

యూసీ సీటు వదులుకోవాలా అన్నదే మీ వారి బాధ అని నేను అనుకుంటున్నాను. ఒకసారి వదిలేస్తే అదే సీటు మళ్ళీ వస్తుందన్న హామీ లేదు, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్‌లో. అయితే యూసీ దారి పూర్తిగా మూసుకుపోదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి యూసీకి బదిలీ కావచ్చు. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు నిర్దేశించిన మార్కులూ కోర్సులూ ఉన్నవాళ్ళకి ముందే ప్రవేశ హామీ కూడా ఇస్తాయి. అన్ని సబ్జెక్టులకీ ఆ హామీ వర్తించదు, కంప్యూటర్ సైన్స్‌కి చాలాచోట్ల ఉండదు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఫైర్ టెక్నాలజీ కోర్సులు యూసీలో చాలావరకు లెక్కలోకి రావు. రెండేళ్ళూ అవే చదివితే ఇరుక్కుంటాడు. వాటితో పాటు కాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషు తీసుకోమనండి. వాడు మూతి ముడుచుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో పట్టుబట్టండి.

ఎందుకు పట్టుబట్టమంటున్నానో చెబుతాను. నేను భవనాల్లో మంటల రక్షణ ఏర్పాట్లు డిజైన్ చేసే పనిలో చాలాకాలం ఉన్నాను. ఫైర్ ప్రొటెక్షన్ అనగానే అందరూ ఎర్ర ఇంజిన్నే తలుచుకుంటారు. కానీ ఈ చదువుకి రెండో ద్వారం ఒకటుంది, అక్కడ పోటీ చాలా తక్కువ. మీ ఆఫీసులో తలెత్తి పైకప్పు చూడండి. స్ప్రింక్లర్ తలలో చిన్న గాజు గొట్టం, అందులో ఎర్రటి ద్రవం కనిపిస్తుంది. గది వేడెక్కి ఆ ద్రవం 68 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే అది ఉబ్బి గాజు పగులుతుంది, నీళ్ళు చిమ్ముతాయి. సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒకేసారి తెరుచుకోవు, చాలాసార్లు మంట పైనున్న ఒకటో రెండో మాత్రమే తెరుచుకుంటాయి. తెరుచుకున్నవాటికి చాలినంత నీళ్ళు, చాలినంత ఒత్తిడితో అందేలా పైపులు ఎంత లావుండాలో ఎవరో లెక్క కట్టాలి. ఆ ప్లాను సరిగ్గా ఉందో లేదో నగరం తరఫున ఎవరో చూడాలి. ఏటా వెళ్ళి అవి పనిచేస్తున్నాయో లేదో ఎవరో పరీక్షించాలి. ఇవన్నీ ఉద్యోగాలే.

కాలిఫోర్నియాలో 2011 నుంచి కట్టే దాదాపు ప్రతి కొత్త ఇంటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి. 2025 జనవరిలో మాస్ ల్యాండింగ్‌లో బ్యాటరీ నిల్వ కేంద్రం తగలబడ్డాక ఆ రంగంలో జాగ్రత్తల మీద పట్టింపు ఇంకా పెరిగింది. డేటా సెంటర్లు, గోదాములు, ఆసుపత్రులు అన్నిటికీ ఈ పని తెలిసినవాళ్ళు కావాలి. స్ప్రింక్లర్ పైపులు బిగించే పనికి యూనియన్ అప్రెంటిస్‌షిప్ ఐదేళ్ళు, మొదటి రోజు నుంచే జీతం ఇస్తారు. డిజైన్ వైపు వెళ్తే నైసెట్ అనే సంస్థ నాలుగు మెట్లలో సర్టిఫికెట్లు ఇస్తుంది. పై మెట్టుకి పరీక్షతో పాటు పదేళ్ళ అనుభవం అడుగుతారు. ఫైర్ ఇన్‌స్పెక్టర్ల మధ్యస్థ జీతం దేశం మొత్తం మీద 70 వేల డాలర్లు దాటింది, ఫైర్‌ఫైటర్ల కంటే ఎక్కువే. ఇంకా పైన ఫైర్ ప్రొటెక్షన్ ఇంజనీర్లు ఉన్నారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1956 నుంచి దీనికి ప్రత్యేక విభాగం ఉంది. మీ రాష్ట్రంలో శాన్ లూయిస్ ఒబిస్పోలోని క్యాల్ పాలీలో మాస్టర్స్ ఉంది. వీళ్ళ జీతాలు లక్ష దాటి ఉంటాయి, మనుషులు దొరకడమే కష్టం. ఈ దారికి అసలు అవసరం కాల్‌క్యులస్, ఫిజిక్స్. ఒకవేళ ఇంజిన్ ఎక్కాక నడుమో మోకాలో దెబ్బతింటే, వాడు వెళ్ళగలిగేదీ ఈ వైపే.

డిగ్రీ అసలు దండగ అని నేను అనడం లేదు. డిపార్ట్‌మెంట్‌లో చేరాక దాని విలువ తెలుస్తుంది. చాలా నగరాలు డిగ్రీ ఉన్నవాళ్ళకి జీతంలో కొంత శాతం అదనంగా ఇస్తాయి. కెప్టెన్, బెటాలియన్ చీఫ్ ప్రమోషన్లకి అడుగుతాయి. భవనం ఎలా కాలుతుందో, పైకప్పు ఎప్పుడు కూలుతుందో చదివినవాడికి మంట ముందు నిలబడ్డప్పుడు ఆ చదువు ప్రాణం కాపాడుతుంది. కానీ దాన్ని మొదటి ఉద్యోగానికి టికెట్ అనుకుని చదివితే నిరాశే మిగులుతుంది.

ఈ జవాబు చదివే మిగతావాళ్ళకి ఒక మాట. ఈ లెక్క అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న పిల్లలకే. చాలా ఫైర్ డిపార్ట్‌మెంట్లు అవి లేనివాళ్ళని తీసుకోవు, వీసా స్పాన్సర్ చేయవు. తల్లిదండ్రుల హెచ్1బీ మీద ఆధారపడి ఉంటున్న, పని అనుమతి లేని హెచ్4 వీసా పిల్లలు ఈఎంటీ ఉద్యోగం కూడా చేయలేరు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్1 విద్యార్థి వీసా మీద ఈ కోర్సుకి రావాలనుకునేవాళ్ళకి యూనిట్ ఫీజు ఎన్నో రెట్లు ఎక్కువ, చదువయ్యాక ఇంకొంతకాలం పనిచేయనిచ్చే స్టెమ్ పొడిగింపు అసోసియేట్ డిగ్రీకి రాదు. ఎవరైనా ఏజెంటు ఆశపెడితే నమ్మి అప్పులు చేయకండి.

మీ వారి విషయం. ఊళ్ళో బంధువులు ఇది గల్ఫ్ ఉద్యోగాల కోసం చేసే ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా అనుకుని ఏదో ఒకటి అంటారు, ఆయనకి అది గుచ్చుకుంటుంది. అది నేను అర్థం చేసుకోగలను. ఆయనతో జీతం గురించి వాదించకండి, పెన్షన్ లెక్క కాగితం మీద వేసి చూపించండి. వీలైతే ఒక ఆదివారం ముగ్గురూ కలిసి దగ్గరి ఫైర్ స్టేషన్‌కి వెళ్ళండి. ముందు ఫోన్ చేస్తే చాలాచోట్ల రమ్మంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఎన్నిసార్లు పరీక్ష రాశారో, ఎన్నేళ్ళు ఎదురుచూశారో, ఈలోగా ఏం చేశారో ఆయన్నే అడగమనండి. స్టేషన్‌లో అందరూ వంతులు వేసుకుని వండుకుంటారు. మీవాడు శాకాహారి అయితే నలుగురికి పప్పూ, కూరా వండి పెట్టడం ఇప్పుడే నేర్పించండి, అక్కడ అది నిజంగా పనికొస్తుంది.

ఇంకొకటి, వాడికి కారు ఇచ్చారు కదా. స్పీడింగ్ టికెట్లు పడకుండా చూసుకోమనండి. బ్యాక్‌గ్రౌండ్ విచారణలో డ్రైవింగ్ రికార్డు, సోషల్ మీడియా పోస్టులు అన్నీ తవ్వుతారు, అన్ని పరీక్షలూ గెలిచి అక్కడ జారిపోయే పిల్లలు ఉన్నారు. అకాడమీకి డబ్బు కట్టే ముందు, గత రెండు బ్యాచ్‌ల్లో ఎంతమందికి ఏయే డిపార్ట్‌మెంట్లలో ఉద్యోగం వచ్చిందో, వాళ్ళలో పారామెడిక్ లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎంతమందో అకాడమీ ఆఫీసులో అడిగి రాయించుకోండి. వాళ్ళు సూటిగా చెప్పకపోతే ఇంకో అకాడమీ చూసుకోండి.